పులివెందుల మెకానిక్

చిరంజీవి నాగవేణికి నాయన ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మ, నేను, గొర్రెలు, చీనీ చెట్లు అందరం బాగానే ఉన్నాం. నువ్వు కూడా ఆ పటియాలాలో వేళకింత తిని, కంటినిండా నిద్రపోయి, ఒళ్ళు చూసుకుంటున్నావని నమ్మి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మీ కోచ్ మేడం వారమంతా ఫోన్లు తీసి పెట్టుకుంటుందని, ఆదివారం కాసేపే ఇస్తుందని మీ అమ్మ ఆమెను తిట్టని రోజు లేదు. నాకు మాత్రం ఆ తల్లి మంచి పనే చేసిందనిపిస్తుంది. అందువల్లే కదా నీ చేతి రాత చూడగలుగుతున్నాను. పైగా ఈసారి నేను చెప్పాల్సింది ఫోన్లో చెప్పేది కాదు. నువ్వు "నాయనా" అన్నావంటే చాలు, నా నోరు మూతపడిపోతుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. అమ్మ మోకాలు ఎట్లుందని అడిగావు. జమ్మలమడుగులో నిర్మలమ్మ డాక్టరుకు చూపించాను. రోజూ కాసేపు కాళ్ళకు వ్యాయామం చెయ్యమని ఆమె చెప్పింది. దానికి మీ అమ్మ, "గొర్రెల ఎనక తొండూరు దాకా తిరిగి వస్తాండానే, అది ఏందమ్మా మళ్ళా" అని ఆమెనే నిలదీసింది. డాక్టరమ్మ నవ్వి ఊరుకుంది. మాత్రలు వేసుకుంటోంది, నొప్పి కొంచెం తగ్గింది. నువ్వు సీసాతో పాలు పట్టి బతికించిన కుంటి గొర్రె ఈనింది. ఆడపిల్ల, నుదుట తెల్లమచ్చ. వాన ఇంకా మొహం చాటేస్తూనే ఉంది, చీనీ చెట్లకు ఉన్న బోరు నీళ్ళే సర్దుతున్నాను. అక్కడి రొట్టెలు మెత్తగా ఉంటాయని, కొరికితే కొరికినట్టే ఉండదని రాశావు. మీ అమ్మ అది విని, జొన్నరొట్టెలు ఎండబెట్టి పంపుదామా అని ఆలోచన చేస్తోంది. వద్దని చెప్పి చెనక్కాయల పొడి మాత్రం పంపిస్తున్నాను. నీ పక్క మంచం పంజాబు పిల్లకు కొంచెమే పెట్టు, కారం ఎక్కువ వేసింది మీ అమ్మ.

ఇక నీ ఉత్తరం చివర అడిగిన సంగతి. సైకిలు చేరిందని, ఎక్కుడులో లేచి నిలబడి తొక్కినా చిన్న చప్పుడు కూడా లేదని సంతోషంగా రాశావు. జట్టు టూరుకు పోయేటప్పుడు వెంట ఒక మెకానిక్ కావాలంటున్నారని, మేడం నిన్ను కూడా అడిగిందని, ఆ చప్పుడు పోగొట్టిన పులివెందుల మెకానిక్ పేరు, ఫోన్ నంబరు వెంటనే రాయమని అన్నావు. కింద ఇంకో మాట కూడా రాశావు. "ముందు మైమూన్ చిన్నమ్మ పేరే నోటికొచ్చింది నాయనా. నువ్వు చెప్పింది గుర్తొచ్చి, ఆమె మనిషి నమ్మకమైంది కాదులే మేడం అని చెప్పేశాను."

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని గొర్రెల వెంట తిరిగాను. తీసి చదవడం, మళ్ళీ మడిచి పెట్టడం. కాగితం మడతల కాడ చిరుగు పట్టింది. నీకు పేరు రాయడానికి నా దగ్గర పేరు లేదు వేణీ. ఎందుకు లేదో చెప్పాలంటే మొదటి నుంచి రావాలి. నీకు కొంత తెలుసు. తెలియనిదే ఎక్కువ ఉంది. ఓపికగా చదువు.

ఆ చప్పుడు మొదలైనప్పుడు నువ్వు ఎంత నలిగిపోయావో నేను చూశాను. చదునులో ఏమీ ఉండేది కాదు. ముద్దనూరు రోడ్డు ఎక్కుడు రాగానే, నువ్వు లేచి తొక్కగానే, కిర్రు. కాలు వేసిన ప్రతిసారీ కిర్రు. ఎంపిక పోటీలు దగ్గర పడుతున్నాయి. నీకు మొదటిసారి ఇట్లాంటి సైకిలు ఎక్కించి నేర్పిన వ్యాయామం సారు, పాల్ రాజు సారు, వంగి చెవి పెట్టి విని, "బాటమ్ బ్రాకెట్టే, అనుమానం లేదు" అన్నాడు. పెడళ్ళ మధ్య ఇరుసు తిరిగే చోటు అని నాకు అప్పుడే తెలిసింది. మనం పొద్దుటూరులో మైదుకూరు రోడ్డుకు, మైమూన్ షాపుకు తీసుకుపోయాం.

ఆమె చేసిన పని నువ్వూ చూశావు. "మన పాత సైకిళ్ళకు కప్పులు మరలు తిప్పి బిగిస్తామన్నా. దీనికి మరలు ల్యావు. ప్రెస్ ఫిట్ అంటారు, ఒత్తి కూచ్చోబెట్టేదే. లోపల ఇంత ఇసుక చేరినా, ఎంట్రుక మందం వదులైనా కిర్రుమంటాది" అని నాకు చెప్పింది. బేరింగులను మెల్లగా తట్టి బయటికి తీసింది. అవి కూర్చునే గూడంతా గుడ్డతో తుడిచి, మళ్ళీ తుడిచి, వేలు పెట్టి చూసి, ఇంకోసారి తుడిచింది. గమ్ము రాసి, మరలున్న పొడుగాటి కడ్డీ పెట్టి రెండు వైపుల నుంచి కొంచెం కొంచెంగా ఒత్తింది. గమ్ము ఆరాలని ఆ రోజు సైకిలు ఇవ్వనే లేదు. నువ్వు ఆమెను చిన్నమ్మా చిన్నమ్మా అంటూ వెంట తిరిగావు. ఆమె కూతురు బుష్రా నీ హెల్మెట్ పెట్టుకుని షాపంతా తిరిగింది.

మర్నాడు సైకిలు తెచ్చుకున్నాక ఎక్కుడులో మళ్ళీ కిర్రు. నువ్వు సైకిలు రోడ్డు పక్కన పడేసి కూర్చుని ఏడ్చావు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిందో నాకే తెలియదు. పాల్ రాజు సారు ఏదో మాట వరసకు, "అసలు బేరింగులే మళ్ళా పడినాయో లేదో" అన్నాడు. ఆయన అనుమానం కూడా కాదది, ఊరికే నోటికొచ్చిన మాట. నాకు అదే చాలైంది.

నీకు చెప్పకుండా బస్సెక్కి పొద్దుటూరు పోయాను. తిరిగొచ్చి, "ఆమె మన బేరింగులు తీసుకుని వేరేవి వేసింది, నాలుగు మాటలు అని వచ్చాను" అని మాత్రం నీతో చెప్పాను. ఆ నాలుగు మాటలు ఏందో ఇప్పుడు రాస్తున్నాను.

షాపు ముందు సాయంత్రం రద్దీగా ఉంది. పక్కన టీ అంగడి, అక్కడ ఆదివారం సైకిళ్ళ మీద గండికోట దాకా పోయివచ్చే సార్లు, ఉద్యోగస్థులు కొందరు నిలబడి ఉన్నారు. పాల్ రాజు సారు కూడా ఉన్నాడు. నేను అందరికీ వినబడేటట్టు మొదలుపెట్టాను.

"ఏందమ్మా, నా బిడ్డ సైకిల్లో ఏం ఏసినావు?"

"ఏం ఏసేదేందన్నా, ఉండేటివే కడిగి ఏసినా."

"అసలు బేరింగులు యాడికి పోయినాయి? చప్పుడు అట్లనే ఉందే?"

"ఇంకొకసారి తీసుకురాన్నా, ఇప్పి చూస్తా. చప్పుడు ఆడిది కాకపోవచ్చు. సీటు కడ్డీ కాడ ఏమన్నా..."

సీటు అనగానే నా గొంతు ఇంకా పైకి లేచింది. ఎందుకు లేచిందో తర్వాత రాస్తాను. "తప్పు సీటు మీదికి తోస్తాండావా? మాది గొర్రెల కులం, మాకేం తెలుసనుకున్నావా?" అన్నాను. ఆమె ఏదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. బుష్రా పక్కన పీట మీద కూర్చుని బడి లెక్కలు చేసుకుంటోంది. ఆ పిల్లను వేలు పెట్టి చూపించి, "నీ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పు, నువ్వు తీయలేదని" అన్నాను.

టీ అంగడి కాడ మాటలు ఆగిపోయాయి. మైమూన్ చేతికున్న గ్రీసు గుడ్డకు తుడుచుకుంది. బాగా తుడుచుకుంది, పిల్ల జుట్టుకు అంటకుండా. చెయ్యి తీసుకొచ్చి బుష్రా తల మీద పెట్టి, "నా బిడ్డ సాక్షిగా చెప్తాండా, నేను తీయలేదు" అంది. బుష్రా తలెత్తి వాళ్ళమ్మ మొహంలోకి చూసింది.

మన వైపు ప్రమాణం చేసినాక ఇక మాట ఉండదు. పొలం గట్టు తగాదా అయినా, గొర్రె పోయిన తగాదా అయినా అంతే. అనుమానం ఉన్నా మింగుకుని ఇంటికి పోవాల్సిందే. మా నాయన అట్లాగే పోయేవాడు. నేను పోలేదు. "ప్రమాణాలకేం, చేసేవాళ్ళు శానామంది చేస్తారు" అనేసి, కండువా దులుపుకుని వచ్చేశాను. అడిగి ప్రమాణం చేయించుకుని, ఆ ప్రమాణం మీద కూడా ఉమ్మేసి వచ్చాను.

ఆ తర్వాత నువ్వు, ఎంపిక చెయ్యడానికి వచ్చిన మేడం ఇప్పించిన సైకిలు మీద పోటీలు తొక్కావు, గెలిచావు, పటియాలా పోయావు. ఊరంతా నిన్ను మెచ్చుకుంటుంటే నాకు మైమూన్ గుర్తే రాలేదు. ఆదివారం తిరిగే సార్లు సైకిళ్ళు రిపేరుకు కడపకు తీసుకుపోతున్నారని ఎవరో చెబితే, "మంచి పని చేస్తాండారు" అన్నాను.

తర్వాత సైకిలు పార్సెలు చెయ్యమని రాశావు. వసారాలో పెట్టుకుని, నువ్వు చెప్పినట్టే ఒక్కొక్కటి విప్పాను. సీటు తీశాను. నీళ్ళ సీసా పెట్టే కమ్మీ మరలు విప్పుతుంటే, లోపల గొట్టంలో టక్కుమని ఏదో జారింది. సైకిలు తలకిందులు చేసి ఊపాను. నా అరచేతిలో పడింది. నల్ల ఉన్నిదారం చుట్టిన రాగి తాయెత్తు. దారం పోగులు పోగులుగా చిరిగింది, రాగి ఒక పక్క రాసుకుని రాసుకుని మెరుస్తోంది. ఆ మరల కొనలు గొట్టం లోపలికి పొడుచుకుని ఉంటాయి కదా, వాటికీ గోడకూ మధ్య ఇరుక్కుని, నువ్వు బలంగా తొక్కినప్పుడంతా ఒరుసుకునేది. మీ అమ్మ పక్కనే కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. నేను గుప్పిట మూసుకున్నాను.

అది లోపలికి ఎట్లా పోయిందా అని నేను ఆశ్చర్యపోలేదు వేణీ. దాన్ని అందులో వేసింది నేనే.

చిలమకూరు కాడ సిమెంటు లారీ నిన్ను రాసుకుంటూ పోయి, మోచెయ్యి గీరుకుని ఇంటికొచ్చావే, ఆ వారం సంగతి. నువ్వు నవ్వుతూనే చెప్పావు. మీ అమ్మ మరుసటి రోజు సైకిలు వెనక పాత చెప్పు, నల్లతాడు కట్టింది. "ఇదెంత బరువో తెలుసా అమ్మా" అని నువ్వు కత్తిరించి పారేశావు. నేనూ నీతో కలిసి నవ్వాను. "నీ చెప్పు చూసి లారీ నిలబడతాదా" అని మీ అమ్మను ఎగతాళి చేశాను. నవ్వానే గానీ, రోడ్డు మీద లారీ హారన్ వినబడితే లేచి నిలబడేవాణ్ణి. మా నాయన మందలో ముందు నడిచే పొట్టేలు ఒకటి ఉండేది, తోడేళ్ళు పడిన రోజు కూడా తిరిగొచ్చింది. దాని మెడలోని తాయెత్తు అది. పెట్టె అడుగున దాచుకున్నాను. నువ్వు స్నానానికి పోయినప్పుడు సీటు ఎంత ఎత్తులో ఉందో సుద్దముక్కతో గీసుకుని, వదులు చేసి తీసి, తాయెత్తుకు దారం చుట్టి గొట్టంలోకి జారవిడిచి, సీటు మళ్ళీ అంతే ఎత్తులో బిగించాను. లోపల ఉంటే నీకు కనపడదు, నువ్వు కత్తిరించవు, నన్ను చూసి నవ్వవు అనుకున్నాను.

చప్పుడు ఆ వారంలోనే మొదలైంది. అప్పుడు నాకు తట్టలేదని రాయాలని ఉంది. నిజం రాస్తే, మైమూన్ సీటు అన్నప్పుడు ఒక్క క్షణం తట్టింది. తట్టినదాన్ని నా అరుపుతో నొక్కేశాను. సీటు విప్పితే తాయెత్తు బయటపడుతుంది, నీ ముందు, సార్ల ముందు నేను నవ్వులపాలైపోతాను. అందుకే గొంతు లేచింది. దొంగే దొంగా దొంగా అని అరిచాడంటారే, అది నేనే.

సైకిలు మళ్ళీ బిగించి, పంచె ఎగ్గట్టి, ఊరి బయట ఎక్కుడులో నేనే తొక్కి చూశాను. చెప్పులు ఆ పెడళ్ళ మీద జారిపోతున్నా లేచి నిలబడి తొక్కాను. చప్పుడు లేదు. లేని చప్పుడు కోసం అంతగా చెవులు రిక్కించినవాడు ఎవడూ ఉండడు. ఒక్కసారి కిర్రుమంటే బాగుండునని దేవుణ్ణి మొక్కుకున్నాను. అది మూగది మాదిరి పోయింది.

అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సైకిలు పార్సెలు వేసి నోరు మూసుకున్నాను. ఆదివారం ఫోన్లో, చప్పుడు పోయిందని మాత్రం చెప్పాను. "ఎవరు తీసినారు నాయనా" అని నువ్వు అడిగితే, "పులివెందులలో ఒకాయన" అని వచ్చేసింది. ఎవరాయన అన్నావు. "ముసిలాయన, కళ్ళద్దాలు పెట్టుకుంటాడు, మాట తక్కువ" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వస్తుందో నాకు అప్పుడే తెలిసింది. లేని మనిషికి కళ్ళద్దాలు కూడా పెట్టాను. నువ్వు ఆ ముసిలాయన చేతులకు దండం పెట్టాలి అన్నావు. ఆ మాటకు కూడా ఊఁ కొట్టాను.

నీ ఉత్తరం వచ్చాక మీ అమ్మకు అంతా చెప్పాను. ఆమె చేటలో గింజలు ఏరుతూ విన్నది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. "నా చెప్పు బయట కట్టింటి, అందరికీ కనపడె. మీరు లోపల దాచిపెట్టి ఒక ఆడమనిషి పరువు తీసినారు" అంది. చేట పక్కన పెట్టి, "పొద్దుటూరు బస్సు ఎప్పుడుంది?" అంది.

పోయాను. మైమూన్ బడిపిల్లల సైకిలుకు ట్యూబు అతికిస్తోంది. ముందు గోడకు వరసగా వేలాడే సార్ల పెద్ద సైకిళ్ళు ఒక్కటీ లేవు. ఆమె నన్ను చూసి కూర్చోమని కూడా అనలేదు, పొమ్మని కూడా అనలేదు. నేను తాయెత్తు తీసి చెక్కపెట్టె మీద పెట్టి, నీకు రాసినట్టే అంతా చెప్పాను. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"నాకు చెప్తే ఏం లాభమన్నా? నేను తీయలేదని నాకు ముందే తెలుసు కదా" అంది.

మళ్ళీ ట్యూబు చేతికి తీసుకుంది.

"తెలియంది ఆ టీ అంగడి కాడ నిలబడినోళ్ళకు. తెలియంది నా బిడ్డకు. ఆ పొద్దు నుంచి అది తల దువ్వించుకోదు నా చేత. వాళ్ళ నానీ, మా అమ్మ కాడికి పోతాది. ఒళ్ళు కొంచెం వెచ్చగా అయితే సాలు, అమ్మా నువ్వు నిజమే చెప్పినావు కదా, నాకేం కాదు కదా అని అడుగుతాది. నేను చెప్తా. అది ఊఁ అంటాది. మళ్ళా జలుబు చేస్తే మళ్ళా అడుగుతాది."

ఆ మాటలు ఆమె ట్యూబు మీద పట్టీ ఒత్తుతూనే చెప్పింది. నేను జట్టు సంగతి, నువ్వు మేడంతో అన్న మాట సంగతి కూడా చెప్పాను. దాచుకుని ఏం చేసుకోను? ఆమె మొహం అప్పుడు మారింది. "వేణి అట్లా అనిందా" అంది. ట్యూబు పక్కన పెట్టి, "నేను పోతానో పోనో అది తరవాత. ముందు దొంగను కాదని రాయమనన్నా, సాలు" అంది.

కాబట్టి వేణీ, ఈ ఉత్తరం అందిన వెంటనే మేడం దగ్గరికి పో. పులివెందుల మెకానిక్ అనే మనిషి లేడని చెప్పు. మైమూన్ ఏ తప్పూ చేయలేదని, ఆమె పని ఆమె సరిగ్గానే చేసిందని, తప్పంతా మా నాయనదని చెప్పు. నా పేరు చెప్పడానికి మొహమాటపడొద్దు. మేడం నవ్వితే నవ్వనీ. నీ ఫోను చేతికి రాగానే చిన్నమ్మకు ఫోన్ చెయ్యి. నా మాట నమ్మి నువ్వు అన్నావు, నిజమే. అయినా అన్నది నీ నోరు కాబట్టి ఆ ముక్క నువ్వే చెప్పుకోవాలి. ఆమె జట్టు వెంట వస్తుందో రాదో ఆమె ఇష్టం. బలవంతం చెయ్యొద్దు.

నిన్న ఆదివారం. పాల్ రాజు సారుకు ముందే చెప్పి, తిరిగొచ్చే సార్లందరినీ టీ అంగడి కాడ ఆగమన్నాను. వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. తాయెత్తు అనగానే ఒకాయనకు టీ పొలమారింది. అందరూ నవ్వారు. పొట్టేలు మెడదా, ఏ పొట్టేలు కాటమయ్యా అని ఒకరు, నాకూ ఒకటి కట్టు అని ఒకరు. నేను దేనికి భయపడి ఇంత చేశానో అది ఆ నవ్వే. విన్నాను. ఇంత చిన్నదా అనిపించింది. దీనికోసమా ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టించాను అనుకున్నాను. పాల్ రాజు సారు భుజం తట్టి, "పోనీలే కాటమయ్యా, అయిందేదో అయింది" అన్నాడు. "నాకు పోయేదేం లేదు సార్, ఆమెకు పోయింది. మీరు ఆ పొద్దు నా మాట విన్నారు, ఈ పొద్దు ఆమె మాట వినండి" అన్నాను. అప్పుడు నవ్వులు ఆగాయి. ఆయన పోయి ఆమెతో ఏదో మాట్లాడాడు. మిగతావాళ్ళు చాలామంది టీ తాగి పోయారు. వాళ్ళ సైకిళ్ళు మళ్ళీ ఆ గోడకు ఎప్పుడు వస్తాయో, వస్తాయో రావో నాకు తెలియదు.

ఆ తర్వాత లోపలికి పోయాను. బుష్రా పీట మీద కూర్చుని ఉంది. నేను రాగానే రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. నేను దూరంగానే, నేల మీద కూర్చున్నాను. "మీ అమ్మ నిజమే చెప్పింది పాపా, తప్పు చేసింది నేను, నీకు ఏమీ కాదు, ఎప్పుడూ కాదు" అని చెప్పాను. ఆ పిల్ల చేతులు తీయలేదు.

"మా అమ్మ తీయలేదని నీకు తెల్సినప్పుడే ఎందుకు చెప్పల్యా తాతా?" అంది.

అబద్ధం చెప్పడానికి ఆ పిల్ల ముందు నోరు రాలేదు. "సిగ్గేసింది పాపా" అన్నాను.

"మా అమ్మకు ఎయ్యలేదా?" అంది.

ఆ పిల్లకు జవాబు చెప్పలేక లేచి వచ్చేశాను వేణీ. బస్సులో వస్తున్నంతసేపూ వెతికాను, ఇప్పుడు నీకు రాస్తూ కూడా వెతుకుతున్నాను. దొరకలేదు.

ఇట్లు,
నీ దగ్గర కూడా దాచిన
నీ నాయన
కాటమయ్య